పాపరాజీ: ఒక హోటల్ యజమాని ఇంటిపేరు ఫోటోగ్రాఫర్లకు ఎలా అంటుకుంది?

ముంబై విమానాశ్రయం ముందు ఓ హీరోయిన్ కారు దిగుతుంది. కెమెరాలు, ఫోన్లు పట్టుకున్న పది పదిహేను మంది ఒక్కసారిగా చుట్టుముడతారు. ‘మేడమ్, ఇటు’, ‘ఒక్క ఫోటో మేడమ్’ అంటూ కేకలు. కాసేపటికి ఆ వీడియో దేశమంతటా ఫోన్లలో తిరుగుతుంటుంది. ఆ రోజే తెలుగు వెబ్‌సైట్లలో శీర్షిక కనిపిస్తుంది: ఫలానా నటి పాపరాజీల కంటపడింది.

ఈ మాట ఇప్పుడు మన సినిమా వార్తల్లో రోజూ వినిపిస్తోంది. పాపరాజీ, పాపరాజ్జీ, పపరాజీ... రాసేవారిని బట్టి అక్షరాలు మారుతున్నాయి. ప్రముఖుల వెంటపడి ఫోటోలు తీసేవాళ్లన్న అర్థం మాత్రం అందరికీ తెలుసు. కానీ అది ఒక ఇటాలియన్ సినిమాలోని పాత్ర పేరని, అంతకుముందు దక్షిణ ఇటలీలో హోటల్ నడిపిన ఒక పెద్దమనిషి ఇంటిపేరని తెలిసినవారు తక్కువ.

ఆ పుట్టుక తెలుసుకోవడం వల్ల ఒక ప్రయోజనం ఉంది. ఈ పదం పుట్టినప్పుడే అందులో ఒక ఆరోపణ ఉంది: ఎదుటి మనిషి ఒప్పుకోని క్షణాన్ని ఫోటో తీసి అమ్ముకోవడం. ఈ రోజు మన దేశంలో అదే పదాన్ని, తారలు తామే పిలిపించుకుని తీయించుకునే ఫోటోలకూ వాడుతున్నాం. రెండూ ఒకే పేరు కిందికి వచ్చేసరికి, ఒప్పుకున్న ఫోటో ఏది, ఒప్పుకోనిది ఏది అన్న గీత చెరిగిపోతోంది.

అది ముందే బహువచనం

ఇటాలియన్‌లో పుంలింగ పదాలు చాలావరకు ఏకవచనంలో ‘ఓ’తో, బహువచనంలో ‘ఇ’తో ముగుస్తాయి. ఒక ఫోటోగ్రాఫర్ అయితే ‘పాపరాత్సో’. ఇద్దరు, ముగ్గురు అయితే ‘పాపరాత్సి’. మనం ‘పిజ్జా’ అనేదాన్ని ఇటలీవాళ్లు ‘పీత్సా’ అన్నట్టే, ఇక్కడా ‘జ్జ’ అని పలకరు, ‘త్స’ అంటారు. ఇంగ్లిష్ మీదుగా మన దాకా వచ్చేసరికి అది ‘జీ’ అయింది.

అంటే ‘పాపరాజీ’ అన్నది అప్పటికే బహువచనం. దానికి మనం మళ్లీ ‘లు’ చేర్చి ‘పాపరాజీలు’ అంటున్నాం. ఇది తప్పని గింజుకోవాల్సిన పని లేదు. ‘మీడియా’, ‘డేటా’ కూడా లాటిన్‌లో బహువచనాలే. వాటిని ఏకవచనాలుగా వాడుకోవడం అందరికీ అలవాటైపోయింది. అరువు తెచ్చుకున్న మాట ఏ ఇంటికి వస్తే ఆ ఇంటి వ్యాకరణాన్నే పాటిస్తుంది. అయితే ఒక విషయం గమనించదగ్గది. ఏకవచన రూపం ఇటలీ బయట పెద్దగా వాడుకలోకి రాలేదు. బహుశా ఈ ఫోటోగ్రాఫర్లు ఎప్పుడూ గుంపుగానే కనిపించడం అందుకు కారణం కావచ్చు.

తెలుగు చెవికి ఈ మాటలో ‘పాపం’, ‘రాజీ’ రెండూ వినిపిస్తాయి. భాషాశాస్త్రపరంగా వాటితో దీనికి ఏ సంబంధమూ లేదు. కానీ ముంబైలో తారలకూ కెమెరాలకూ మధ్య నడుస్తున్నది ఒక రకమైన రాజీయేనని ముందుముందు తెలుస్తుంది.

పాత్ర పేరు జాతివాచకమైంది

ఇటాలియన్ దర్శకుడు ఫెదరికో ఫెల్లినీ తీసిన ‘లా డోల్చే వీటా’ 1960 ఫిబ్రవరిలో విడుదలైంది. ఆ పేరుకు ‘తీయని జీవితం’ అని అర్థం. అదే ఏడాది కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పామ్ డోర్ గెలుచుకుంది. కథానాయకుడు మార్చెల్లో రోమ్‌లో ప్రముఖుల గుసగుసలు రాసే పాత్రికేయుడు. మార్చెల్లో మాస్ట్రోయాని ఆ పాత్ర పోషించారు. ఆయన వెంట తిరిగే ఫోటోగ్రాఫర్ పేరు పాపరాత్సో. ఆ వేషం వేసిన నటుడు వాల్టర్ సాంతెస్సో.

సినిమాలో పాపరాత్సో పెద్ద పాత్ర కాదు. అతని గతం, కుటుంబం గురించి కథ ఏమీ చెప్పదు. హాలీవుడ్ తార సిల్వియాగా అనితా ఎక్‌బర్గ్ విమానం దిగినప్పుడు మెట్ల కింద గుమిగూడిన ఫోటోగ్రాఫర్లలో అతనుంటాడు. నైట్‌క్లబ్ బయట, కార్ల పక్కన, స్కూటర్ల మీద... ఎక్కడ గొడవ జరిగితే అక్కడ ఆ ముఠా వాలిపోతుంది. ఇప్పుడు ‘ఎయిర్‌పోర్ట్ లుక్’ పేరుతో మనం చూస్తున్న తంతును ఫెల్లినీ 65 ఏళ్ల క్రితమే తెరకెక్కించాడు.

ఆ సినిమాలో ఒక సన్నివేశం మరపురానిది. మార్చెల్లో స్నేహితుడు, మేధావిగా పేరున్న స్టైనర్ తన ఇద్దరు పిల్లలను చంపి ఆత్మహత్య చేసుకుంటాడు. బయటికి వెళ్లిన భార్యకు ఆ సంగతి ఇంకా తెలియదు. ఆమెకు చెప్పడానికి మార్చెల్లో, పోలీసు అధికారి బస్సు స్టాపులో ఎదురుచూస్తుంటారు. ఆమె బస్సు దిగగానే ఫోటోగ్రాఫర్లు చుట్టుముట్టి ఫ్లాష్‌లు వెలిగిస్తారు. ఏం జరుగుతోందో ఆమెకు అర్థం కాదు. తనను ఎవరో నటి అనుకుని పొరబడ్డారేమోనని నవ్వుతుంది. తన జీవితం కూలిపోయిందని తెలియని ఆ నవ్వే వాళ్లకు కావలసిన ఫోటో.

పాపరాత్సో అన్న పేరు సామాన్య నామంగా మారడానికి ఈ సన్నివేశం కూడా ఒక కారణం అనుకోవచ్చు. అప్పటిదాకా ఈ రకం ఫోటోగ్రాఫర్లు ఉన్నారు గానీ వాళ్లకంటూ ఒక పేరు లేదు. పాత్ర పేరు జాతివాచకంగా మారడం తెలుగుకు కొత్త కాదు. మేనమామ కుట్రలు పన్నితే శకుని అంటాం. అక్కడి మాట ఇక్కడ చెప్పేవాడిని నారదుడంటాం. 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లోని గిరీశం, మాటలతో బతికేసే మనుషులందరికీ పేరైపోయాడు. ఇటలీలో అలాంటిదే జరిగింది. కాకపోతే ఈ పేరు దేశం సరిహద్దు దాటి దాదాపు ప్రతి భాషలోకీ వెళ్లింది.

ఆ పేరు ఎక్కడిది?

దీనికి ఒకటికి మించిన సమాధానాలున్నాయి. వాటిలో కొన్నింటికి ఫెల్లినీయే కారణం. ఆయన ఒక్కోసారి ఒక్కో కథ చెప్పేవారు. చిన్నప్పుడు గబగబా మాట్లాడే ఒక సహవిద్యార్థికి ఆ మారుపేరు ఉండేదని ఒకసారి అన్నారు. ఆ శబ్దం వింటే చెవి దగ్గర గుయ్యిమంటూ తిరిగి కుట్టే పురుగు గుర్తొస్తుందని మరోసారి అన్నారు. ఇటాలియన్‌లో ‘పప్పతాచి’ అంటే చప్పుడు చేయకుండా కుట్టే చిన్న దోమ జాతి పురుగు. దానికి ‘రగాత్సి’, అంటే కుర్రాళ్లు, అన్న మాట కలిపి ఫెల్లినీ భార్య, నటి జులియెత్తా మసీనా ఈ పేరు సూచించారని కూడా అంటారు. అబ్రూత్సో ప్రాంతపు మాండలికంలో ఆల్చిప్పకు ఇలాంటి పేరుందని, తెరుచుకుని మూసుకునే కెమెరా కన్నుతో దానికి పోలిక కుదిరిందని ఇంకో వాదన. సినిమా రచయితల్లో ఒకరైన ఎన్నియో ఫ్లయానో ఆ ప్రాంతంవారే.

కానీ ఫ్లయానో స్వయంగా రాసి పెట్టిన వివరణ వేరు. ఆధారం ఉన్నది కూడా దానికే. ఫోటోగ్రాఫర్ పాత్రకు పేరు దొరక్క వెతుకుతుండగా, చేతికందిన ఒక పుస్తకం తెరిస్తే అందులో ‘పాపరాత్సో’ కనిపించిందని ఆయన చెప్పారు. ఆ పుస్తకం ఇంగ్లిష్ నవలాకారుడు జార్జ్ గిస్సింగ్ దక్షిణ ఇటలీ యాత్ర గురించి రాసిన ‘బై ది అయోనియన్ సీ’. 1897లో చేసిన ప్రయాణం మీద ఆయన రాసిన ఈ పుస్తకం 1901లో వెలువడింది. ఇటాలియన్ అనువాదం 1957లో, అంటే ఫెల్లినీ బృందం స్క్రిప్టు పనిలో దిగడానికి కొద్దికాలం ముందే వచ్చింది.

కలాబ్రియా ప్రాంతంలోని కతంజారో పట్టణంలో గిస్సింగ్ బస చేసిన హోటల్ యజమాని పేరు కొరియోలానో పాపరాత్సో. ఆ ప్రాంతంలో అది మామూలు ఇంటిపేరే. గదిలో ఆయన అంటించిన ఒక ప్రకటనను గిస్సింగ్ సరదాగా వర్ణించాడు. దాని సారాంశం ఇది: తమ హోటల్లో బస చేస్తున్న కొందరు అతిథులు భోజనానికి మాత్రం వేరే చోటికి వెళ్తున్నారని యజమానికి తెలిసింది. ఇది ఆయన మనసును నొప్పించడమే కాక, హోటల్ పరువుకూ భంగం కలిగిస్తోంది. దయచేసి ఇక్కడే భోంచేయండి.

చరిత్రలో ఇంతకన్నా వింత మలుపు దొరకడం కష్టం. తన పరువు గురించి, తన మనసు నొచ్చుకోవడం గురించి గోడమీద కాగితం అంటించి మరీ చెప్పుకున్న మనిషి పేరు, ఇతరుల పరువునూ నొప్పినీ లెక్కచేయనివాళ్లకు బిరుదైంది. ఆ ప్రకటనను పుస్తకంలోకి ఎక్కించిన గిస్సింగ్, అంతకు పదేళ్ల ముందే డబ్బు కోసం రాతలు రాసే పత్రికా లోకంపై ‘న్యూ గ్రబ్ స్ట్రీట్’ అనే నవల రాసినవాడు కావడం మరో విశేషం.

వయా వెనెటో రాత్రులు

పేరు పుస్తకంలోంచి వచ్చినా, మనిషి వీధిలోంచి వచ్చాడు. 1950లలో రోమ్‌ను ‘టైబర్ తీరపు హాలీవుడ్’ అనేవారు. అక్కడి చినెచిత్తా స్టూడియోలో తక్కువ ఖర్చుతో భారీ సెట్లు వేయవచ్చు కాబట్టి అమెరికన్ సంస్థలు వరుస కట్టాయి. ‘కువో వాడిస్’, ‘బెన్ హర్’ వంటి సినిమాలు అక్కడే తీశారు. తారలు సాయంత్రాలు వయా వెనెటో అనే వీధిలోని కెఫేల్లో గడిపేవారు. యుద్ధం దెబ్బకు ఇంకా పూర్తిగా కోలుకోని నగరంలో, పని వెతుక్కుంటున్న కుర్రాళ్లు వాళ్ల కోసం స్కూటర్ల మీద కాపు కాసేవారు.

వాళ్లలో ముఖ్యుడు తాత్సియో సెక్కియరోలి. 1925లో రోమ్‌లో పుట్టాడు. పర్యాటకులకు వీధుల్లో ఫోటోలు తీస్తూ మొదలుపెట్టి, 1955లో మరొకరితో కలిసి సొంత ఫోటో ఏజెన్సీ పెట్టుకున్నాడు. 1958 ఆగస్టులో ఒకే రాత్రి అతను చేసిన పనితో వయా వెనెటో ఫోటోగ్రాఫర్ల పేరు మారుమోగింది. పదవి కోల్పోయి రోమ్‌లో ప్రవాసంలో ఉంటున్న ఈజిప్టు మాజీ రాజు ఫరూక్‌ను ఇద్దరు స్త్రీలతో కెఫేలో ఫోటో తీయబోతే, ఆయన అతనిపై కలబడ్డాడు. ఆ రాత్రే నటి ఏవా గార్డ్‌నర్, నటుడు ఆంథొనీ ఫ్రాంచోసా జంటగా కెమెరాకు చిక్కారు. అనితా ఎక్‌బర్గ్ భర్త ఆంథొనీ స్టీల్ కోపంతో ఫోటోగ్రాఫర్లను తరిమాడు.

ఈ రాత్రి ఫోటోగ్రాఫర్లకు ఒక వ్యాపార సూత్రం నేర్పింది. నవ్వుతూ నిలబడిన తార ఫోటో ఎవరైనా ఇస్తారు, దానికి ధర తక్కువ. కోపంతో మీదికొస్తున్న తార ఫోటోకు పత్రికలు ఎంతైనా ఇస్తాయి. అలాంటప్పుడు కోపం వచ్చేదాకా ఆగడమెందుకు, తెప్పిస్తే సరిపోతుంది కదా? మొహం మీద ఫ్లాష్ కొట్టడం, దారికి అడ్డుపడటం, రెచ్చగొట్టే మాట అనడం వృత్తిలో భాగమైపోయాయి. ఒకడు రెచ్చగొడితే మరొకడు కాస్త దూరంనుంచి ఆ గొడవను ఫోటో తీసేవాడు. సంఘటనను నమోదు చేసే కెమెరా తానే సంఘటనను సృష్టించడం ఇక్కడే మొదలైంది.

తెల్లవాళ్లు, గోధుమరంగువాళ్లు అన్న తేడా ఆ వేటకు లేదు. 1957లో భారతదేశంపై సినిమా తీయడానికి వచ్చిన దర్శకుడు రోబెర్తో రోస్సెలీని, బెంగాలీ యువతి సోనాలీ దాస్‌గుప్తా ప్రేమలో పడినప్పుడు, ఇరువురికీ అప్పటికే వివాహమై ఉండటంతో బొంబాయి పత్రికలు వారిని వెంటాడాయి. ఆమె యూరప్ చేరాక అక్కడి కెమెరాలూ వెంటపడ్డాయి. ఫెల్లినీ సినిమా మొదలుపెట్టింది ఈ నేపథ్యంలోనే. స్క్రిప్టు కోసం సెక్కియరోలి వంటి ఫోటోగ్రాఫర్లను కూర్చోబెట్టుకుని వాళ్ల అనుభవాలు విన్నాడు.

తర్వాతి కథ కూడా ఆసక్తికరమే. సెక్కియరోలి వీధి వదిలేసి ఫెల్లినీ సెట్లలో స్టిల్ ఫోటోగ్రాఫర్ అయ్యాడు, సోఫియా లోరెన్‌కు వ్యక్తిగత ఫోటోగ్రాఫర్‌గా ఏళ్ల తరబడి పనిచేశాడు. అనితా ఎక్‌బర్గ్ మాత్రం సినిమా విడుదలైన ఏడాదే, ఇంటి దాకా వెంటపడిన నిజమైన పాపరాజీల మీద విల్లు ఎక్కుపెట్టి బాణాలు వేసింది. ఆ దృశ్యమూ ఫోటోలకెక్కింది.

న్యూయార్క్ కోర్టులో 25 అడుగులు

1961లో అమెరికా వారపత్రిక ‘టైమ్’ రోమ్ ఫోటోగ్రాఫర్ల మీద రాసిన కథనంతో ఈ మాట ఇంగ్లిష్ పాఠకులకు చేరింది. దశాబ్దం తిరిగేలోగా అమెరికాకు సొంత పాపరాత్సో దొరికాడు. అతని పేరు రాన్ గాలెల్లా. అధ్యక్షుడు కెనెడీ భార్య జాక్వెలిన్‌ను, ఆయన హత్య తర్వాతి సంవత్సరాల్లో, గాలెల్లా నీడలా వెంటాడాడు. పార్కులో సైకిల్ తొక్కుతున్న కొడుకు దారిలోకి హఠాత్తుగా దూకాడు, పిల్లల బడి దగ్గర కాపు కాశాడు.

విచిత్రమేమిటంటే ముందు కోర్టుకెక్కింది గాలెల్లాయే. తన జీవనోపాధికి జాక్వెలిన్ అడ్డుపడుతున్నారన్నది అతని ఫిర్యాదు. ఆమె ఎదురు దావా వేశారు. 1972లో న్యూయార్క్ కోర్టు అతన్ని దూరంగా ఉండమని ఆదేశించింది. 1973లో అప్పీలు కోర్టు ఆ దూరాన్ని తగ్గించి, ఆమెకు 25 అడుగులు, పిల్లలకు 30 అడుగులుగా ఖరారు చేసింది. ఫోటో తీసే హక్కును కోర్టు కాదనలేదు. కానీ వార్తా సేకరణ పేరుతో మనిషిని వేధించే హక్కు ఎవరికీ లేదని తేల్చింది. ఆ ఏడాదే నటుడు మార్లన్ బ్రాండో గాలెల్లా దవడ పగలగొట్టాడు. తర్వాత బ్రాండోను ఫోటో తీయడానికి గాలెల్లా హెల్మెట్ పెట్టుకుని వెళ్లాడు.

ఇదంతా అప్పటికి జనానికి వినోదంగానే కనిపించింది. 1997 ఆగస్టు 31 తర్వాత కనిపించలేదు.

పారిస్ సొరంగం తర్వాత

ఆ రాత్రి పారిస్‌లోని అల్మా వంతెన కింది సొరంగంలో కారు ప్రమాదంలో బ్రిటన్ యువరాణి డయానా, ఆమె మిత్రుడు డోడీ ఫాయెద్, డ్రైవర్ హెన్రీ పాల్ చనిపోయారు. ఫోటోగ్రాఫర్లు మోటార్ సైకిళ్ల మీద వారిని వెంబడించారు. నుజ్జయిన కారు దగ్గర కూడా కొందరు ఫోటోలు తీశారు. ‘పాపరాజీ’ అన్న మాట తెలియని ఇళ్లలోకి కూడా ఆ వారంలో అది చేరిపోయింది.

తప్పు ఎవరిదన్న ప్రశ్నకు దర్యాప్తులు ఇచ్చిన జవాబు జనం అనుకున్నంత సూటిగా లేదు. ఫ్రాన్స్ దర్యాప్తు 1999లో ఫోటోగ్రాఫర్లపై అభియోగాలను కొట్టివేసింది. డ్రైవర్ తాగి, అతివేగంగా నడిపాడని తేల్చింది. బ్రిటన్‌లో జరిగిన విచారణలో జ్యూరీ 2008 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, డ్రైవర్ నిర్లక్ష్యంతో పాటు వెంబడించిన వాహనాల నిర్లక్ష్యాన్నీ మరణాలకు కారణంగా పేర్కొంది. సీటు బెల్టులు పెట్టుకోకపోవడాన్ని కూడా ప్రస్తావించింది. అంటే పాపరాజీలే చంపారనడం ఎంత సరికాదో, వాళ్లకేమీ సంబంధం లేదనడమూ అంతే సరికాదు.

చట్టాలు మాత్రం కదిలాయి. కాలిఫోర్నియా 1998లో ఒక చట్టం చేసింది. ఇంటి ఆవరణలోకి అడుగుపెట్టకపోయినా, శక్తిమంతమైన లెన్సులతో లోపలి దృశ్యాలు తీస్తే చొరబడినట్టే లెక్క. 2013లో అక్కడే, తల్లిదండ్రుల వృత్తి కారణంగా పిల్లలను కెమెరాలతో వేధించడంపై శిక్షలు పెంచారు. నటీమణులు హాలీ బెర్రీ, జెన్నిఫర్ గార్నర్ చట్టసభ ముందు సాక్ష్యం చెప్పారు.

యూరప్‌లో దారి చూపింది మొనాకో యువరాణి కరోలిన్ కేసు. ఆమె షాపింగ్ చేస్తున్న, గుర్రపు స్వారీ చేస్తున్న ఫోటోలను జర్మన్ పత్రికలు వేశాయి. ప్రజా జీవితంలో ఉన్న వ్యక్తి బహిరంగ స్థలంలో ఉంటే ఫోటో వేయవచ్చని జర్మనీ కోర్టులు అన్నాయి. 2004లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ వాదనను ఒప్పుకోలేదు. ఆ ఫోటో ప్రజలకు అవసరమైన ఏ చర్చకైనా తోడ్పడుతోందా అన్నదే కొలమానం అంది. కుతూహలం వేరు, ప్రజాప్రయోజనం వేరు. 2012లో అదే కోర్టు, ఆమె తండ్రి అనారోగ్యం గురించిన కథనంతో వేసిన విహారయాత్ర ఫోటోను అనుమతించింది. ఎందుకంటే రాజు ఆరోగ్యం ప్రజలకు సంబంధించిన విషయమే.

ముంబై రాజీ

మన దేశంలో ఈ వృత్తి వేరే దారిలో ఎదిగింది. చాలాకాలం తారల ఫోటోలు నిర్మాతల నుంచి, స్టిల్ ఫోటోగ్రాఫర్ల నుంచి పత్రికలకు అందేవి. స్మార్ట్‌ఫోన్, ఇన్‌స్టాగ్రామ్ రాకతో లెక్క మారింది. ముంబైలోని బాంద్రా, ఖార్, జుహూ వీధులు, విమానాశ్రయం, జిమ్‌లు, రెస్టారెంట్లు కొత్త వయా వెనెటోలయ్యాయి. విరల్ భయానీ, మానవ్ మంగ్లానీ వంటివారు ఫోటోగ్రాఫర్ల బృందాలను నడుపుతూ తామే పేరున్న వ్యక్తులయ్యారు. రోమ్‌లో పత్రిక సంపాదకుడు మధ్యలో ఉండేవాడు. ఇక్కడ వీధి నుంచి నేరుగా పాఠకుడి ఫోన్‌కే.

ఇంకో తేడా కీలకం. ముంబైలో చాలా సందర్భాల్లో ఫోటోగ్రాఫర్లకు సమాచారం తారల ప్రచార బృందాల నుంచే అందుతుంది. సినిమా విడుదలకు ముందు తార ఏ రెస్టారెంట్‌కు వస్తుందో, ఏ వేళకు వస్తుందో ముందే తెలుస్తుంది. ఆమె కారు దిగి ఓ క్షణం ఆగుతుంది, నవ్వుతుంది, చేయి ఊపుతుంది. ఇరువైపులా లాభం. హైదరాబాద్‌లో ఇంత పెద్ద వ్యవస్థ లేకపోయినా, విమానాశ్రయం వీడియోలతో, సినిమా వేడుకలతో ఇదే పద్ధతి ఇక్కడికీ చేరుతోంది.

కచ్చితంగా చెప్పాలంటే ఇది పాపరాజీ పని కాదు, ప్రచార ఫోటోగ్రఫీ. ఇద్దరినీ ఒకే పేరుతో పిలవడం వల్ల ‘వాళ్లే పిలిపించుకుంటారు కదా, ఇప్పుడు ఏడుపెందుకు?’ అన్న వాదన పుట్టింది. సోమవారం జిమ్ ముందు ఫోటోకు నిలబడిన మనిషి, శుక్రవారం ఆసుపత్రి ముందు ఫోటోకూ అనుమతి ఇచ్చేసినట్టు జమకడుతున్నారు. ఒకసారి ఇచ్చిన అంగీకారం అన్నివేళలకూ వర్తించదన్న చిన్న విషయం ఇక్కడ మరుగున పడుతోంది.

ఆ గీత దాటిన సందర్భాలు వరుసగా వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో నటి ఆలియా భట్ తన ఇంటి గదిలో కూర్చుని ఉండగా, పక్క భవనం మీదినుంచి తీసిన ఫోటోలు ఒక వెబ్‌సైట్‌లో వచ్చాయి. ఆమె ముంబై పోలీసులను ట్యాగ్ చేస్తూ ఇన్‌స్టాగ్రామ్‌లో నిరసన తెలిపారు. 2021లో కూతురు పుట్టినప్పుడు విరాట్ కోహ్లీ, అనుష్కా శర్మ పాప ఫోటోలు తీయవద్దని కోరారు. ఫోటోగ్రాఫర్లు చాలావరకు ఆ మాట మన్నించారు. మరుసటి ఏడాది జనవరిలో కేప్‌టౌన్‌లో మ్యాచ్ ప్రసార కెమెరా ఆ పాప ముఖాన్ని చూపించేసింది. 2025 మార్చిలో రణ్‌బీర్, ఆలియా దంపతులు ఫోటోగ్రాఫర్లను పిలిచి కూర్చోబెట్టి, తమ కూతురి ఫోటోలు వేయవద్దని అడిగారు.

2025 నవంబరులో నటుడు ధర్మేంద్ర తీవ్ర అనారోగ్యంతో ఉండగా, ఆయన బతికుండగానే మరణించారన్న వార్తలు వచ్చాయి. ఆసుపత్రి లోపల తీసిన వీడియో బయటికి వచ్చింది. ఇంటి ముందు కెమెరాలు గుమిగూడాయి. కుమారుడు సన్నీ డియోల్ బయటికొచ్చి చేతులు జోడించి, మీ ఇళ్లలో తల్లిదండ్రులు లేరా అని కోపంగా అడిగారు. ఆ కోపమూ వీడియోగా తిరిగింది. స్టైనర్ భార్య బస్సు దిగిన సన్నివేశానికీ దీనికీ మధ్య 65 ఏళ్ల దూరం ఉంది, తేడా మాత్రం లేదు.

మన చట్టం ఏం చెబుతోంది?

భారతదేశంలో పాపరాజీల కోసం ప్రత్యేక చట్టం లేదు. ఉన్నవి కొన్ని సూత్రాలు. 1994లో ఆటో శంకర్ ఆత్మకథ కేసుగా పేరుపడిన ఆర్.రాజగోపాల్ తీర్పులో సుప్రీంకోర్టు, కుటుంబం, వివాహం, మాతృత్వం వంటి విషయాలను అనుమతి లేకుండా ప్రచురించరాదని చెప్పింది. బహిరంగ రికార్డులకు, ప్రభుత్వాధికారుల విధి నిర్వహణకు మినహాయింపు ఇచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. అయితే ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వం నుంచి రక్షణ ఇస్తాయి. పక్కింటి డాబా ఎక్కిన ఫోటోగ్రాఫర్‌ను అడ్డుకోవడానికి మామూలు చట్టం కావాలి.

ఆ మామూలు చట్టం ఇరుకుగా ఉంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ మహిళలను చాటుగా చూడటాన్ని, ఫోటో తీయడాన్ని నేరంగా పరిగణిస్తుంది. కానీ స్నానం, దుస్తులు మార్చుకోవడం వంటి అత్యంత ఆంతరంగిక సందర్భాలకే అది పరిమితం. సొంత ఇంట్లో మామూలుగా కూర్చున్న మనిషి ఆ నిర్వచనంలోకి రావడం కష్టం. 78వ సెక్షన్ వెంటపడి వేధించడం గురించి చెబుతుంది. అది వ్యక్తిగతంగా దగ్గరయ్యేందుకు వెంటపడేవారిని దృష్టిలో పెట్టుకుని రాసింది. డబ్బు కోసం వెంటపడే కెమెరా దాని ఊహలో లేదు. ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో గోప్యత గురించి ఉన్నా, అది పత్రికలకే వర్తిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు దాని పరిధిలోకి రావు. పత్రికలను కూడా మందలించడం తప్ప శిక్షించే అధికారం దానికి లేదు.

మరో చిక్కు కాపీరైట్‌ది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తి, అందులో ఉన్న వ్యక్తి కాదు. అంటే తనను అడగకుండా తీసిన ఫోటోను తార తన ఖాతాలో పెట్టుకోవాలన్నా, హక్కు ఫోటోగ్రాఫర్‌దో అతని సంస్థదో అవుతుంది. అమెరికాలో మోడల్ జీజీ హదీద్‌పై 2019లో ఒక ఫోటో సంస్థ ఇలాంటి దావానే వేసింది. కాపీరైట్ నమోదు పూర్తి కాలేదన్న కారణంతో కోర్టు దాన్ని కొట్టేసింది. ముఖం నాదే కదా అన్న వాదన మీద తీర్పు చెప్పాల్సిన అవసరమే రాలేదు.

మాటను దాని చోట ఉంచితే

ఫోటోగ్రాఫర్ల వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఎండలో, వానలో గంటల తరబడి నిలబడేవారిలో చాలామందికి సరైన జీతం, ఉద్యోగ భద్రత లేవు. పత్రికా స్వేచ్ఛకు కూడా కెమెరా కావాలి. లంచం తీసుకుంటున్న అధికారిని, ప్రజలకు ఒకటి చెప్పి మరొకటి చేస్తున్న నాయకుడిని వాళ్ల అనుమతితో ఫోటో తీయడం కుదరదు. పాపరాజీలను అదుపు చేయడానికి తొందరపడి రాసిన చట్టం రేపు పరిశోధనాత్మక పాత్రికేయుల మెడకు చుట్టుకోవచ్చు. కరోలిన్ కేసులో కోర్టు పెట్టిన కొలమానం అందుకే పనికొస్తుంది: ఈ ఫోటో వల్ల ప్రజలకు తెలియాల్సింది ఏమైనా తెలుస్తోందా?

చట్టం వచ్చేలోగా భాష కొంత పని చేయగలదు. తార పిలిస్తే వచ్చి తీసేవాడు ప్రచార ఫోటోగ్రాఫర్. సభలో, వీధిలో వార్త కోసం తీసేవాడు ప్రెస్ ఫోటోగ్రాఫర్. వద్దన్న చోట, వద్దన్న వేళ, వద్దన్న మనిషిని తీసేవాడే పాపరాజీ. తెలుగు శీర్షికల్లో ఈ మూడింటికీ ఒకే మాట వాడినంతకాలం, మూడోవాడు మొదటివాడి చాటున దాక్కుంటాడు.

ఫోటో కింద ‘కంటపడింది’ అని రాసినప్పుడు పాఠకుడు అడగాల్సింది కూడా అదే. ఆమె కంటపడిందా, కనిపించడానికి వచ్చిందా, లేక కనిపించకూడదనుకున్నా వదల్లేదా? మూడోదైతే దాన్ని తెరిచి చూసిన ప్రతి వేలూ ఆ ఫోటో ధరను కాస్త పెంచుతుంది. వయా వెనెటో ఫోటోగ్రాఫర్లకు డబ్బిచ్చింది పత్రికలు. పత్రికలకు డబ్బిచ్చింది పాఠకులు. కతంజారోలో తన పరువు కోసం గోడమీద విన్నపం అంటించుకున్న ఆ హోటల్ యజమాని పేరును ప్రపంచం ఎలా వాడుకుంటుందన్నది ఇప్పటికీ వాళ్ల చేతిలోనే ఉంది.